అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: స్పోర్టింగ్ రైఫిల్‌కు ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు

టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే తోటి ఉద్యోగి ఎవరో ఒకరు వారాంతంలో షూటింగ్ రేంజికి, అంటే తుపాకీ సాధన చేసే చోటికి, రమ్మని పిలుస్తారు. వెళ్లేముందు పాస్‌పోర్టులోని వీసా ఏమిటో ఒకసారి చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 వంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కలిగి ఉండటమంటే సొంతంగా కొనుక్కోవడం ఒక్కటే కాదు, రేంజిలో కాసేపు చేతపట్టుకోవడం కూడా ఆ కిందికే వస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఈ నిషేధం నుంచి మినహాయింపు ఉన్నది. అయినా ఇమిగ్రేషన్ వకీలును అడగకుండా దాని మీద ఆధారపడటం తెలివైన పని కాదు. గ్రీన్ కార్డ్ దరఖాస్తు నడుస్తున్నదంటే గ్రీన్ కార్డ్ చేతికి వచ్చినట్టు కాదు. స్నేహితుడికి కార్డు ఉంది కదా అని అతని పేరు మీద కొనిపించుకోవడం ఇద్దరికీ నేరమే. అలాగే చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు సరదాగా రైఫిల్ చేతికిచ్చి ఫొటో తీయకండి. వారు ఉన్నది విజిటర్ వీసా మీద, ఇచ్చిన మీరూ చిక్కుల్లో పడతారు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా గ్రీన్ కార్డ్ గానీ పౌరసత్వం గానీ ఉన్నవారికి. స్పోర్టింగ్ రైఫిల్ అని ఇక్కడ అంటున్నది ఏఆర్-15 తరహా రైఫిల్‌ను, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలేదాన్ని. దుకాణంలో తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపాక మీ నేపథ్యాన్ని తనిఖీ చేస్తారు. న్యూజెర్సీలో కొనుగోలుదారుల గుర్తింపు కార్డు, ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డు (తుపాకీ ఉన్నవారి గుర్తింపు కార్డు) ముందుగానే చేతిలో ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రం, ఇల్లినాయి 2023లో ఏఆర్-15 తరహా రైఫిళ్ల అమ్మకాన్నే నిషేధించాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో మ్యాగజైన్‌లో (రైఫిల్‌కు తగిలించే తూటాల డబ్బాలో) పదికి మించి తూటాలు పట్టకూడదు. పిస్టల్‌లా పట్టుకునే పిడి (పిస్టల్ గ్రిప్), ముందుకూ వెనక్కూ జరిగే స్టాక్ (భుజానికి ఆనించే భాగం), మంట కనబడకుండా చేసే ఫ్లాష్ హైడర్ వంటి భాగాల మీద కూడా ఆంక్షలున్నాయి. కాబట్టి డాలస్‌లో ఉన్న బావగారు మెచ్చుకున్న రైఫిల్‌నే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మీరు కొనగలరని అనుకోవద్దు, ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లేటప్పుడు దాన్ని యథాతథంగా తీసుకువెళ్లగలరనీ అనుకోవద్దు.

రైఫిల్ విషయానికి వస్తే, ఖర్చు పెట్టవలసిన మొదటి చోటు బ్యారెల్, అంటే గుండు దూసుకుపోయే గొట్టం. ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే వెనక భాగం) 5.56 నాటో రకం తూటాలది అయితే అందులో దాదాపు అదే కొలత ఉన్న .223 రెమింగ్టన్ తూటాలు కూడా నిశ్చింతగా వాడవచ్చు; .223 ఛాంబర్‌లో మాత్రం 5.56 వాడకూడదు, ఎందుకంటే ఆ తూటా పుట్టించే పీడనం ఎక్కువ. రెండింటికీ పనికివచ్చే .223 వైల్డ్ ఛాంబర్ కూడా దొరుకుతుంది. ఏ ఛాంబరో బ్యారెల్ మీద చెక్కి ఉంటుంది, దుకాణంవాడి మాట కన్నా ఆ చెక్కడాన్నే నమ్మండి. బ్యారెల్ లోపలి గాడుల మెలికను 1:7, 1:8, 1:9 అని రాస్తారు, అంటే గుండు (తూటా నుంచి ఎగిరిపోయే మొన) అన్ని అంగుళాలు ప్రయాణించేసరికి ఒక పూర్తి చుట్టు తిరుగుతుందన్నమాట. 55 గ్రెయిన్ల (గుండు బరువును కొలిచే ప్రమాణం) చవక తూటాల నుంచి 77 గ్రెయిన్ల బరువైన గుండు వరకు అన్నీ వాడాలనుకుంటే 1:8 మంచి ఎంపిక. పొడవు 16 అంగుళాలకు తగ్గకూడదు. అంతకన్నా పొట్టిదైతే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నమోదు చేయించాలి, కొత్తవారికి ఆ జంజాటం అక్కర్లేదు. పేలుడు వాయువుతో రైఫిల్ తనంతట తాను మళ్లీ లోడ్ అవుతుంది; 16 అంగుళాల బ్యారెల్‌కు ఆ వాయువు దారి పొట్టిగా ఉండే కార్బైన్ గ్యాస్ కన్నా, కాస్త పొడవుగా ఉండే మిడ్ లెంగ్త్ గ్యాస్ ఉన్న రైఫిల్ తీసుకుంటే భుజానికి తగిలే తన్ను మెత్తగా ఉంటుంది, యంత్రభాగాల మీదా ఒత్తిడి తగ్గుతుంది.

ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్‌ను తాకకుండా దాని చుట్టూ ఉండే తొడుగు) అదనపు ధరకు తగినదే. చేయి గానీ సంచి గానీ ఆనించినప్పుడు ఆ బరువు బ్యారెల్ మీద పడదు కనుక గురి చెదరదు. ట్రిగ్గర్ కూడా అంతే: రైఫిల్‌తో వచ్చే మామూలు ట్రిగ్గర్ బిరుసుగా, గరగరలాడుతూ ఉంటుంది, మంచి టూ స్టేజ్ (రెండు దశల్లో నొక్కే) ట్రిగ్గర్ బిగించుకున్న రోజే లక్ష్యం మీద రంధ్రాలు దగ్గరపడటం మీకే కనబడుతుంది. పొడవు మార్చుకునే స్టాక్ మీ రాష్ట్రంలో అనుమతి ఉంటే తప్పక తీసుకోండి, ఎత్తులో తేడా ఉన్న భార్యాభర్తలిద్దరూ ఒకే రైఫిల్‌తో సాధన చేయడానికి అది వీలు కల్పిస్తుంది.

గురి చూసే పరికరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కళ్లద్దాలు పెట్టుకునే మనవారు చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. గాజులో ఎర్రచుక్క చూపే రెడ్ డాట్ తేలిక, వేగం కూడా. కానీ కంటిలో ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేకపోవడం) ఉన్నవారికి ఆ ఎర్రచుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగా, చెదిరిన ద్రాక్షగుత్తిలాగా కనిపిస్తుంది. వస్తువు పాడైందని వాపసు చేసి, ఇంకా ఖరీదైనది తెచ్చుకుని, అందులోనూ అదే చూసి విసిగిపోతారు. దుకాణంలోనే ఆ చుక్కను ఫోన్‌తో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా వచ్చిందంటే లోపం పరికరానిది కాదు, కంటిది. అలాంటివారికి గీతలు గాజు మీదనే చెక్కి ఉండే ప్రిజం సైట్ గానీ, ఒకటి నుంచి ఆరు రెట్ల వరకు పెంచుకోగల స్కోప్ గానీ నప్పుతుంది. ఏది కొన్నా దాన్ని రైఫిల్‌కు బిగించే మౌంట్ దగ్గర పిసినారితనం చూపకండి, స్క్రూలను ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంతే బిగించండి; వదులైన మౌంట్ మీద ఎంత మంచి స్కోప్ అయినా జీరో (సరిచేసి పెట్టుకున్న గురి) నిలబెట్టుకోలేదు.

ఇక హ్యాండ్‌గార్డ్ మీద సామాను తగిలించడానికి ఉండే పట్టీ (రెయిల్) నిండా వేలాడదీసే సామాను. లేజర్, ముందు పట్టుకునే నిలువు పిడి, రెండు కాళ్ల ఊత (బైపాడ్), రంగురంగుల స్క్రూలు రేంజిలో కాగితానికి గురిపెట్టే మనిషికి బరువు తప్ప ఒరగబెట్టేది లేదు. భుజానికి వేసుకునే స్లింగ్ మాత్రం పనికొస్తుంది. బ్యారెల్ మొనకు బిగించే మజిల్ బ్రేక్ తన్నును తగ్గించే మాట నిజమే, కానీ శబ్దాన్నీ వేడి గాలినీ పక్కకు నెట్టి పక్క బెంచీవారి ప్రాణం తీస్తుంది. నన్నడిగితే, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కుని ఒక శిక్షకుడి దగ్గర రెండు పాఠాలు చెప్పించుకోవడం మేలు.

తూటాలు కొనేటప్పుడు అయస్కాంతాన్ని గుర్తుపెట్టుకోండి. చాలా ఇండోర్ రేంజిలలో లోపలికి పోనిచ్చే ముందు ఉద్యోగి మీ డబ్బా తెరిచి గుండు మొనకు అయస్కాంతం తాకిస్తాడు. అది అతుక్కుంటే ఆ తూటాలు బయటే. గుండులోని ఉక్కు రేంజి వెనకగోడను దెబ్బతీయడమే కాక నిప్పురవ్వలు లేపుతుంది. మొనకు ఆకుపచ్చ రంగు ఉండే ఎం855 చవకగా దొరికిందని పెట్టెలకొద్దీ కొన్నవారికి ఈ తాకిడి అనుభవమే.

ఈ రైఫిల్ మోత 140 డెసిబెల్స్‌ను సులువుగా దాటుతుంది కనుక, ఇండోర్ రేంజిలో చెవిలో ప్లగ్గులూ వాటి మీద చెవులను కప్పే మఫ్సూ రెండూ వాడండి. కాల్పుల్లో సీసపు ధూళి చేతులకూ బట్టలకూ అంటుతుంది. ఏమీ తినకముందే సబ్బుతో చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోండి, ఇంటికి రాగానే బట్టలు మార్చాకే పిల్లలను ఎత్తుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఉక్కు బీరువా, లేదా కనీసం తాళం వేసిన పెట్టె రైఫిల్‌తో పాటు అదే రోజున కొనవలసిన వస్తువు. తూటాలను వేరే చోట, వేరే తాళం కింద ఉంచండి. పండగకు పదిమంది వచ్చే ఇల్లయితే తాళంచెవి దేవుడి గదిలో పెట్టినంత మాత్రాన సరిపోదు, అది మీ దగ్గరే ఉండాలి.

రేంజికి వాడే సంచీని దానికే పరిమితం చేయండి. అదే సంచీని భుజాన వేసుకుని హైదరాబాద్ వెళితే, జేబు మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలోని ఎక్స్‌రేలో దొరుకుతుంది. లైసెన్సు లేకుండా తూటా కలిగి ఉండటం భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. ప్రయాణానికి ఆ సంచీ తప్ప వేరే దారి లేకపోతే, ముందురోజే అన్ని జేబులూ తిరగేసి దులిపి, పేలిన తూటాల ఖాళీ తొడుగులు కూడా లేవని చూసుకున్నాకే బట్టలు సర్దండి.