సంఘ పరిచర్యలో సృజనాత్మకత: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఆరాధనలో కొత్తదనం కావాలి అనుకోగానే చాలా సంఘాల్లో మాట లైట్ల మీదికి, స్క్రీన్ మీదికి, కొత్త కీబోర్డు మీదికి పోతుంది. అవి వద్దని నేననను. కానీ అక్కడ మొదలుపెడితే సృజనాత్మకత అంటే డబ్బున్న సంఘాల వ్యవహారం అన్నట్టు తయారవుతుంది, చిన్న సంఘంలో పరిచర్య చేసేవాళ్ళు మాకెక్కడిది అని ఊరుకుంటారు. నిజానికి ఇది వాక్యాన్ని ఎంత శ్రద్ధగా చూస్తున్నాం అన్నదాంట్లోంచి పుట్టాలి. అలా చూడడం వస్తే ఏం చెయ్యాలో చాలావరకు ఆ వాక్యభాగమే చెబుతుంది.

మీ సంఘంలో ఎవరైనా "ఈ ఊహలూ కళలూ మనకెందుకు, వాక్యం చాలు" అంటే వాళ్ళతో కలిసి నిర్గమకాండము 31 తెరవండి. అక్కడ దేవుడు తన ఆత్మతో నింపానని చెబుతున్నది యాజకుడి గురించి కాదు, బెసలేలు అనే పనివాడి గురించి. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క, ఇవి అతని పని. తోడుగా అహోలీయాబు. 35వ అధ్యాయానికి వచ్చేసరికి వీళ్ళకి ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడిచ్చాడని ఉంటుంది, స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని ఉంటుంది. ఒక్క కళాకారుడు చేస్తే మిగతావాళ్ళు కూర్చుని చూసిన పని కాదది.

కాబట్టి మొదటి పని, మీ సంఘంలో చేతిపని తెలిసినవాళ్ళు ఎవరో చూసుకోవడం. "టాలెంట్ ఉన్నవాళ్ళు పేర్లు ఇవ్వండి" అని ప్రకటన చేస్తే ఎప్పుడూ ముందుండే ఆ కొద్దిమందే వస్తారు. బట్టలు కుట్టే ఆవిడ, చెక్కపని చేసే ఆయన, పిల్లలకు కథ చెబితే అందరూ నోరు తెరుచుకుని వినేలా చెప్పే పెద్దావిడ, వీళ్ళెవరూ తమది టాలెంట్ అనుకోరు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఫలానా ఆదివారానికి ఫలానా పని చేసిపెడతారా అని స్పష్టంగా అడగాలి. "ఏదైనా చెయ్యండి" అంటే ఎవరికైనా టెన్షనే.

ఇక అసలు పని. రాబోయే ప్రసంగానికి వాక్యభాగం కనీసం పది రోజుల ముందే తేల్చుకుని, నలుగురైదుగురు కలిసి కూర్చోండి. పాస్టర్ గారు ఉండాలి, కానీ ఆయనే అంతా వివరించకూడదు. ఒక చిన్నపిల్ల ఉంటే మంచిది, చదువు రాని పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్ళు చెవితో వింటారు. వాక్యభాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా పైకి చదవండి. తర్వాత "దీని అర్థం ఏమిటి" అని అడగొద్దు, ఆ ప్రశ్నకి అందరూ ఇదివరకు విన్న ప్రసంగమే అప్పజెబుతారు. ఇక్కడ ఏం కనిపిస్తోంది, ఏ వేళ అయింది, ఏం వినిపిస్తోంది, ఏ వాసన వస్తోంది, అక్కడే ఉండి ఒక్క మాటా మాట్లాడనిది ఎవరు అని అడగండి.

ఉదాహరణకి యోహాను సువార్త 21 తీసుకోండి. తెల్లవారే వేళ, ఒడ్డున బొగ్గుల నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. ఇది చదివాక ఎవరో ఒకరికి 18వ అధ్యాయం గుర్తొస్తుంది, రాకపోతే మీరే చదివించండి. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట చలి కాచుకుంటూ, అలాంటి బొగ్గుల మంట దగ్గరే నిలబడి ఉన్నాడు పేతురు, యేసు ఎవరో తనకి తెలియదన్నది ఆ రాత్రే. మూడుసార్లు కాదన్నవాణ్ణి ఇప్పుడు తిరిగి లేచిన యేసు నిప్పుల దగ్గరికి పిలిచి, ముందు తినడానికి పెట్టి, ఆ తర్వాత మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడుగుతున్నాడు. దీన్ని చూసినవాడికి ప్రసంగంలో ఏ కొత్త కథా అక్కర్లేదు. ఆ రోజు స్క్రీన్ ఆపేసి, రెండు వాక్యభాగాల్నీ ఇద్దరి చేత వేర్వేరు గొంతులతో చదివిస్తే చాలు.

ఇక్కడ ఒక నియమం ఉంది, దీన్ని మాత్రం సడలించొద్దు. పొగ వాసన తగలగానే పేతురుకి ఆ రాత్రి గుర్తొచ్చి ఉంటుంది అనుకోవడం మన ఊహ, వాక్యంలో ఆ మాట లేదు. ఊహించడం తప్పు కాదు, ఊహని వాక్యంతో కలిపేసి చెప్పడం తప్పు. "ఇక్కడి వరకు వాక్యం చెబుతోంది, ఇది నాకు అనిపిస్తున్నది" అని నోరు తెరిచి చెప్పండి. నాటికలు వేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పిల్లలు నాటికలో విన్న డైలాగు బైబిల్లో ఉందనుకునే పెరుగుతారు.

వస్తువులతో, చేతలతో వాక్యం చెప్పాలనుకునేవాళ్ళకి ప్రవక్తల కంటే మంచి గురువులు లేరు. యెహెజ్కేలు ఒక ఇటుక తీసుకుని దాని మీద యెరూషలేము పట్టణం గీశాడు, ఇనుప రేకుని గోడలా నిలబెట్టి దానికి ముట్టడి వేశాడు. యిర్మీయా పెద్దల కళ్ళెదుట మట్టి కూజా పగలగొట్టాడు, ఇంకోసారి మెడ మీద కాడి పెట్టుకున్నాడు. గమనించండి, ఒక్కో సందర్భంలో ముఖ్యమైన వస్తువు ఒక్కటే, అదీ జనం ఇళ్ళలోనో పొలాల్లోనో రోజూ చూసేదే. మనం చేసే పొరపాటు ఏమిటంటే ఒకే ప్రసంగంలో మూడు వస్తువులు చూపించి, ప్రతిదానికీ పది నిమిషాల వివరణ ఇస్తాం. ఒక్కటి చాలు. చేసి చూపించాక కాసేపు ఆగండి, ఆ నిశ్శబ్దానికి భయపడి వెంటనే మాట్లాడేయొద్దు. నాతాను ప్రవక్త దావీదు రాజు చేసిన తప్పుని అతనికి చూపించడానికి వెళ్ళినప్పుడు కూడా కథ మొదట్లోనే "ఇది నీ గురించే" అనలేదు, గొఱ్ఱెపిల్లను పోగొట్టుకున్న పేదవాడి పక్షాన దావీదే కోపంతో తీర్పు చెప్పేదాకా ఓపిక పట్టాడు.

ప్రార్థనలో సృజన గురించి మనవాళ్ళు దాదాపు ఆలోచించరు, నాకైతే అన్నిటికన్నా ఎక్కువ అవసరం అక్కడే అనిపిస్తుంది. కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలు. మన ఆదివారం ఆరాధన చూస్తే అందరం సంతోషంగా ఉన్నట్టే ఉంటుంది, ఆ వారమే బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆ పాటల మధ్య ఎక్కడ నిలబడాలి? ఒక ప్రార్థన కూడికలో ఇలా చెయ్యండి. 13వ కీర్తన చదవండి, ఆరే వచనాలు. మొదట "ఎంతకాలం" అని నాలుగుసార్లు అడగడం, తర్వాత నా వైపు చూడమని వేడుకోవడం, చివర నమ్మిక. ఇదే వరుసలో ఎవరి ప్రార్థన వాళ్ళని రాసుకోమనండి, రాయడం రానివాళ్ళకి పక్కవాళ్ళు రాసిపెడతారు. చివరి భాగం రాయలేకపోయినవాళ్ళని బలవంతపెట్టొద్దు, 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. చదవాలనుకున్నవాళ్ళు మాత్రమే చదవాలి. ఎవరి కాగితమూ వాళ్ళ అనుమతి లేకుండా ఆదివారం వేదిక మీదికి రాకూడదు, ఎవరి బాధనీ స్కిట్ చేసెయ్యకూడదు. కన్నీళ్ళు తెప్పించడం కోసం చేసే సృజన నాకు పరిచర్య అనిపించదు.

"నాకు రాయడం రాదు" అనేవాళ్ళకి ఇలాంటి చట్రం నిజంగా సాయపడుతుంది. 119వ కీర్తన చూడండి, హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరంతో మొదలయ్యే 8 వచనాలు, మొత్తం 176. హద్దు గీసుకుని రాసినదే అంత పెద్ద కీర్తన అయింది. ఖాళీ కాగితం ఇచ్చి రాయమంటే ఎవరికైనా చెయ్యి ఆడదు.

పిల్లల విషయం చిన్నగా చెప్తాను. తయారుగా ఉన్న స్కిట్ ఇచ్చి బట్టీ పట్టించొద్దు. కథ చదివి, నువ్వు ఈ కథలో ఎక్కడ నిలబడి ఉన్నావు అని అడిగి, వాళ్ళు చెప్పినదాన్నే ఆడించండి. జక్కయ్య చెట్టెక్కిన కథలో ఒక పిల్లవాడు నేను ఆ చెట్టుని అంటాడు. కాదనకండి, చెట్టు ఏం చూసిందో అడగండి.

కొత్తది మొదలుపెట్టే ముందు పెద్దలతో మాట్లాడడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసి అనే క్రైస్తవ సన్యాసి 1223 క్రిస్మస్‌కి ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి పశువుల తొట్టి అమర్చినప్పుడు, ముందుగా పోపు అనుమతి తీసుకున్నాడని ఆయన జీవితచరిత్ర రాసిన బొనవెంచురా చెబుతాడు. పెద్దవాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి: మన ఆరాధనలో ఏది ఎప్పటికీ మారకూడదు, ఎందుకు? వాళ్ళు చెప్పే కారణాల్లో మీకు తెలియని సంఘ చరిత్ర ఉంటుంది. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం లాంటి వాటిని మీ ప్రయోగాలకి దూరంగా ఉంచండి, అవి ఇప్పటికే నీళ్ళతో, రొట్టెతో మాట్లాడుతున్నాయి.

ప్రతి కొత్త ప్రయత్నానికీ ఆపే తేదీ ముందే పెట్టుకోండి, ఆరు వారాలనో, ఈ పండుగ వరకనో. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చెప్పగా చేసినదే, పాము కరిచినవాళ్ళు దాన్ని చూసి బ్రతికారు. తరాలు గడిచాక జనం దానికి ధూపం వెయ్యడం మొదలుపెట్టేసరికి హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. బాగా జరిగిన కార్యక్రమాన్ని ఆపడమే కష్టం, అందుకే తేదీ.

పని చేసిందో లేదో చప్పట్లను బట్టి తెలియదు. 1 కొరింథీయులకు 14లో పౌలు పెట్టిన కొలత క్షేమాభివృద్ధి, అంటే విన్నవాళ్ళు విశ్వాసంలో బలపడడం, దాన్ని బుధవారమో గురువారమో చూడాలి. సంఘంలో ముగ్గురికి ఫోన్ చేసి, ఆదివారం ఏ వాక్యభాగం చదివామో, దాంట్లో ఏం గుర్తుందో అడగండి. పగిలిన కూజా గుర్తుండి, వాక్యభాగం గుర్తులేదంటే వచ్చేసారి కూజా లేకుండా వాక్యం చదివించండి.