స్టోరేజ్ కేటాయింపును ఆటోమేట్ చేయడం: సృష్టించడం నుంచి తొలగించడం దాకా

పెద్ద సంస్థల్లో ఒక సర్వర్‌కు కొత్త డిస్కు ఇవ్వాలంటే అర్రేలో (అనేక డిస్కులను కలిపి ఉంచే స్టోరేజ్ పరికరంలో) లన్ (సర్వర్‌కు ఒక డిస్కులా కనిపించే భాగం) సృష్టించి, ఫైబర్ ఛానల్ (స్టోరేజ్ నెట్‌వర్క్) స్విచ్‌లో జోనింగ్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌ను చూడవచ్చో నిర్ణయించడం) చేసి, హోస్ట్‌కు (అంటే ఆ సర్వర్‌కు) మ్యాప్ చేసి, ఆ తర్వాత మల్టీపాత్ (ఒకే లన్‌కు చేరే పలు దారులు) సరిచూసి ఫైల్ సిస్టమ్ వేయాలి. ఇందులో ఏ పనీ కష్టమైనది కాదు. టికెట్ ఒక బృందం నుంచి మరో బృందానికి చేరడంలోనే కాలమంతా గడిచిపోతుంది, ఫైబర్ ఛానల్ పోర్టు చిరునామా అయిన, 16 హెక్సాడెసిమల్ అంకెలుండే డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌ను చేత్తో టైపు చేసే చోటే తప్పులు దొర్లుతాయి.

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు, సంస్థలో ఎవరైనా కోరగల స్టోరేజ్ తరగతులను మూడు నాలుగుకు కుదించి, ప్రతి తరగతికీ వేగం, రెప్లికేషన్ (మరో చోట నకలు ఉంచడం), బ్యాకప్ ఎలా ఉండాలో రాసుకోండి. అడిగేవారు అప్లికేషన్ పేరు, పరిమాణం, తరగతి, బాధ్యుడి పేరు, అవసరం తీరే గడువు చెబితే చాలు. ఏ అర్రేలో, ఏ పూల్‌లో (అర్రేలోని ఉమ్మడి స్థలంలో) ఇవ్వాలన్నది ఆటోమేషనే తేల్చాలి. గడువు, బాధ్యుడు లేని అభ్యర్థనను తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే యజమాని తెలియని లన్‌ను తర్వాత తొలగించే ధైర్యం ఎవరూ చేయరు.

ఆటోమేషన్ సాధనాలైన యాన్సిబుల్, టెర్రాఫామ్‌లలో ఏది ఎంచుకున్నా, ఒకే అభ్యర్థనను రెండుసార్లు నడిపితే రెండు లన్‌లు పుట్టకూడదు. అందుకు 'పేరోల్-ప్రొడ్-డేటా-01' వంటి స్థిరమైన పేరును అభ్యర్థన నుంచే తయారుచేసి, ఆ పేరుతో వాల్యూమ్ (అంటే లన్) ఉందో లేదో ముందుగా చూడాలి. టెర్రాఫామ్‌లో మరొక ప్రమాదం ఉంది: కొన్ని లక్షణాలను మారిస్తే అది పాత వాల్యూమ్‌ను తీసేసి కొత్తది సృష్టిస్తానని ప్లాన్‌లో (అమలుకు ముందు చూపే మార్పుల జాబితాలో) చూపిస్తుంది. డేటా ఉన్న వనరులన్నిటికీ తొలగింపును అడ్డుకునే 'ప్రివెంట్ డిస్ట్రాయ్' పెట్టి, ప్లాన్‌ను మనిషి చదివాకే అమలు చేయాలి.

థిన్ ప్రొవిజనింగ్ (అడిగినంత ఇస్తామని చెప్పి, డేటా నిండేకొద్దీ మాత్రమే స్థలం కేటాయించే పద్ధతి) వాడుతున్నట్లయితే, పూల్‌లో నిజంగా నిండిన స్థలాన్నీ, ఇస్తామని మాట ఇచ్చిన మొత్తాన్నీ కేటాయింపుకు ముందు లెక్కచూసి, మీరు పెట్టుకున్న హద్దు దాటితే అభ్యర్థనను ఆపాలి. పూల్ పూర్తిగా నిండితే దానిపై ఆధారపడిన అప్లికేషన్లన్నిటికీ డేటా రాయడం విఫలమవుతుంది.

కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో, స్టోరేజ్‌ను అనుసంధానించే ప్రమాణమైన సీఎస్ఐ, కుబర్నెటీస్ 1.13 వెర్షన్ నుంచి స్థిరంగా ఉంది కాబట్టి, పైన చెప్పిన తరగతులను నేరుగా స్టోరేజ్ క్లాసులుగా రాసుకోవచ్చు. అయితే స్టోరేజ్ క్లాసులో రిక్లెయిమ్ పాలసీ (క్లెయిమ్, అంటే స్టోరేజ్ అభ్యర్థన, తీసేశాక వాల్యూమ్‌ను ఏం చేయాలన్న నియమం) రాయకుండా వదిలేస్తే 'డిలీట్' వర్తిస్తుంది. అంటే ఎవరైనా క్లెయిమ్‌ను తీసేస్తే వెనకున్న వాల్యూమ్ కూడా పోతుంది. డేటాబేసుల తరగతికి వాల్యూమ్‌ను అలాగే ఉంచే 'రిటైన్' తప్పక పెట్టండి. పరిమాణాన్ని పెంచడానికి వాల్యూమ్ విస్తరణకు అనుమతి ఇవ్వాలి. తగ్గించడం మాత్రం కుదరదు కనుక మొదట తక్కువగా ఇచ్చి తర్వాత పెంచడమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ తొలగింపుకు కావాలి. ముందు ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి, హోస్ట్‌లో మల్టీపాత్ పరికరాన్నీ దాని పాత్‌లనూ తీసేసి, ఆ తర్వాతే అర్రేలో మ్యాపింగ్ తొలగించాలి. క్రమం తారుమారైతే చచ్చిన పాత్‌ల కోసం ఎదురుచూస్తూ హోస్ట్‌లో ప్రాసెసులు నిలిచిపోవచ్చు. మ్యాపింగ్ తీశాక లన్‌ను వెంటనే చెరపకుండా, బాధ్యుడితో ముందే ఒప్పుకున్న గడువు వరకు అలాగే ఉంచి, అతని రాతపూర్వక ఆమోదం టికెట్‌లో కనిపించినప్పుడే తొలగింపు ప్లేబుక్ (దశలు రాసిన ఆటోమేషన్ ఫైలు) నడిచేలా కట్టడి చేయండి.