ర్యామ్ పుష్కలంగా ఉన్నా స్వాప్ అవసరమా? లినక్స్‌లో సమస్య - పరిష్కారం

సమస్య

కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది కదా అని లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే స్వాప్ (ర్యామ్‌లోని డేటాను పక్కన పెట్టడానికి, సాధారణంగా డిస్క్ మీద, కేటాయించే చోటు) వద్దనుకున్నవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. బ్రౌజర్‌లో పదుల కొద్దీ ట్యాబులు, పక్కన ఒక వర్చువల్ మెషీన్ తెరిచి పని చేసుకుంటుండగా ఉన్నట్టుండి మౌస్ బాణం కదలదు, డిస్క్ లైటు మాత్రం ఆగకుండా వెలుగుతూ ఉంటుంది. కొన్ని నిమిషాలకు ఏదో ఒక ప్రోగ్రామ్ దానంతటదే మూతపడితే కదలిక వస్తుంది. లేకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపివేయక తప్పదు.

కారణం

స్వాపే లేనప్పుడు డిస్క్ ఎందుకంత శ్రమపడుతోంది? ర్యామ్‌లోని పేజీలలో (మెమరీని విభజించే చిన్న ముక్కలలో) ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ప్రోగ్రాములు నడుస్తూ సృష్టించుకున్న డేటా మొదటి రకం. వీటిని అనానిమస్ పేజీలంటారు, వీటికి డిస్క్ మీద ప్రతి ఉండదు. ప్రోగ్రాముల కోడ్, లైబ్రరీలు, చదివిన ఫైళ్లు రెండో రకం. వీటి అసలు ప్రతి డిస్క్ మీదే ఉంటుంది కనుక, చోటు కావలసినప్పుడు కెర్నెల్ (లినక్స్‌లో మెమరీని నిర్వహించే కేంద్ర భాగం) వీటిని నిశ్చింతగా తీసివేసి, అవసరమైతే మళ్లీ చదువుకోగలదు. స్వాప్ లేకపోతే, ఉదయం తెరిచి మరచిపోయిన ట్యాబు డేటాను కూడా కదిలించే దారి కెర్నెల్‌కు ఉండదు. ఒత్తిడంతా రెండో రకం మీద పడి, ఈ క్షణంలో నడుస్తున్న ప్రోగ్రామ్ కోడ్‌నే తీసివేయడం, మరుక్షణం దాన్నే డిస్క్ నుంచి చదవడం మొదలవుతుంది. ఇలా ఎంతో కొంత చోటు దొరుకుతూనే ఉంటుంది కాబట్టి, మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఆపివేయవలసిన ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ ఆలస్యంగా గాని రంగంలోకి దిగదు.

ఇదే కారణమని నిర్ధారించుకోవడానికి కెర్నెల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న వాక్యం ఉందేమో చూడాలి. ఫ్రీ కమాండ్ చూపే అంకెలలో "ఫ్రీ" నిలువు వరుసను కాక, తేలిగ్గా ఖాళీ చేయగల చోటును కూడా కలిపి చూపే "అవైలబుల్" నిలువు వరుసను నమ్మాలి.

పరిష్కారం

నా అభిప్రాయంలో మామూలు డెస్క్‌టాప్‌కు 2 నుంచి 4 జీబీ స్వాప్ ఫైల్ చాలు. ర్యామ్‌కు రెండింతలు అన్న పాత లెక్కను ఇక్కడ పాటించనక్కరలేదు. రూట్ యూజర్‌గా ఫైల్ సృష్టించి, దాని అనుమతులను 600గా (రూట్ మాత్రమే చదివి, రాయగలిగేలా) మార్చి, దాన్ని స్వాప్‌గా సిద్ధం చేసే ఎంకేస్వాప్, వాడుకలోకి తెచ్చే స్వాపాన్ కమాండ్లను వరుసగా నడిపి, రీబూట్ తరువాత కూడా నిలిచేలా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఒక పంక్తి చేర్చాలి. డిస్క్‌ను వాడటం ఇష్టం లేనివారికి జీర్యామ్ మంచి మార్గం. అది కదలని పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది. ఫెడోరా 33 నుంచి దానినే డిఫాల్ట్‌గా ఇస్తున్నారు.

స్వాప్ పెట్టాక స్వాపీనెస్ అనే కెర్నెల్ సెట్టింగ్‌ను 0 చేయమనే సలహాను దయచేసి పాటించకండి. ర్యామ్ ఎంత శాతం నిండాక స్వాప్ మొదలవ్వాలో చెప్పే అంకె కాదది. పైన చెప్పిన రెండు రకాల పేజీలలో దేనివైపు ఎంత మొగ్గాలో కెర్నెల్‌కు చెప్పే అంకె. దానిని 0 చేస్తే దాదాపు స్వాప్ లేని స్థితికే తిరిగి వెళ్తాము. డిఫాల్ట్ విలువ 60ని అలాగే ఉంచడం మేలు.

ర్యామ్ ఖాళీగా ఉన్నా స్వాప్‌లో కొంత నిండి కనిపిస్తే

ఇది లోపం కాదు. ఎవరూ తాకని డేటా పక్కకు వెళ్లి, ఆ చోటు ఫైళ్లకు ఉపయోగపడుతోందని అర్థం. ఎంత నిండిందన్నది కాక, రాకపోకలు ఎంతగా సాగుతున్నాయన్నదే చూడాలి: సెకనుకోసారి మెమరీ అంకెలు చూపే వీఎంస్టాట్ 1 కమాండ్ నడిపి, ఎస్ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి), ఎస్ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌లోకి) నిలువు వరుసలు ఎక్కువసేపు సున్నా దగ్గరే ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అవి పెద్ద అంకెలతో ఆగకుండా కదులుతుంటే మాత్రం పనికి ర్యామ్ నిజంగానే చాలడం లేదు, లేదా ఏదో ప్రోగ్రామ్ మెమరీని లీక్ చేస్తోంది. స్వాప్ పెంచితే ఈ రెండూ తీరవు.

హైబర్నేట్ పనిచేయకపోతే

హైబర్నేట్ అంటే ర్యామ్‌లోని సమాచారాన్ని డిస్క్ మీద దాచి కంప్యూటర్‌ను ఆపివేయడం. అలా దాచడానికి డిస్క్ మీద తగినంత స్వాప్ లేకపోవడం అది పనిచేయకపోవడానికి సాధారణ కారణం. హైబర్నేట్‌కు మాత్రం ర్యామ్ అంత స్వాప్ పెట్టుకోవడం క్షేమం. జీర్యామ్ ఇక్కడ పనికిరాదు, పవర్ పోగానే అందులోదంతా పోతుంది.