తోలు బాగానే ఉంది, కుట్టే విడిపోతోంది: వెల్డింగ్ గ్లవ్స్, ఏప్రాన్ల మరమ్మతులో దారం, సూది తంటాలు

బొబ్బిలి గ్రోత్ సెంటర్ యూనిట్ల నుంచి, టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ షెడ్ల నుంచి, విజయనగరం ఊళ్లోని వెల్డింగ్ షాపుల నుంచి మరమ్మతుకు వచ్చే తోలు గ్లవ్స్, ఏప్రాన్లు, కాలి కవచాలు అన్నింటిదీ ఒకటే ఫిర్యాదు: కుట్టు నిలవడం లేదు. ముందు తోలును తిడతారు, తర్వాత మిషన్‌ను, ఆఖరికి కుట్టినవాణ్ని. సూది ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. విరిగేదాకా సూది మార్చకపోవడం పొదుపనుకుంటారు కాబోలు. వంకర పోయిన పది రూపాయల సూది వందల రూపాయల తోలును పాడు చేస్తుంది.

మిషన్‌కు దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, టెన్షన్ సరిచేయడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. అవి రానివాళ్లు ముందు పాత గోనెసంచి మీద చేయి తిప్పుకుని రండి.

ముందుగా తెగిన దారం కొస చూడండి

విడిపోయిన కుట్టు చేతికి రాగానే మిషన్ దగ్గరికి పరుగెత్తకండి. దారం కొసను వెలుతురులో పట్టుకుని, వేలితో తడిమి చూడండి. పీచుపీచుగా విచ్చుకుని ఉంటే రాపిడికి అరిగింది. నున్నగా తెగి ఉంటే రేకు అంచో, బ్లేడో తగిలింది. నలిపితే పొడిగా రాలుతోందంటే నూలు దారం మాడిందనో, యాసిడ్ తగిలిందనో అర్థం. కొసన చిన్న గట్టి పూస తగిలితే దారం కరిగింది. సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది. ఈ ఒక్క పనీ చేయకుండా టెన్షన్ మర తిప్పుతూ పూట గడిపేసేవాళ్లే ఎక్కువ.

కుడుతుండగానే దారం తెగుతోంది

నూటికి తొంభై పాళ్లు సూది బెజ్జం చిన్నది, దారం లావుది. ఇక్కడ అంకెలు మోసం చేస్తాయి, దారం మందానికి టికెట్, టెక్స్ అని రెండు లెక్కలు ఉన్నాయి. కోను మీద టికెట్ నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది, టెక్స్ నంబరు పెరిగే కొద్దీ లావెక్కుతుంది. టికెట్ 40 అంటే టెక్స్ 70 ప్రాంతం. టికెట్ 20 అంటే టెక్స్ 135 ప్రాంతం. కోను మీద ఏది రాసి ఉందో చూడకుండా "40 దారం ఇవ్వండి" అంటే కొట్టువాడు తనకు తోచింది ఇస్తాడు.

సూది మీద 110/18 అని ఉంటే 110 అంటే కాడ మందం 1.10 మిల్లీమీటర్లు, 18 అంటే అదే సైజుకు పాత లెక్క. టికెట్ 40 దారానికి 16 లేదా 18 సూది చాలు. టికెట్ 30కి 18 లేదా 20 కావాలి. టికెట్ 20కి 22, తోలు మరీ మందంగా ఉంటే 23. ఇంట్లో వాడే మిషన్‌లో 22 సూది కోసం వెతక్కండి, ఆ పనికి మిషనే వేరు.

అంకెలు గుర్తుండకపోతే ఇలా చేయండి. సూదికి దారం ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తన బరువుకు తానే మెల్లగా కిందికి జారాలి. ఆగిపోతే సూది చిన్నది. సర్రున జారిపోతే మరీ పెద్దది, కుట్టు వదులవుతుంది.

మొదట బాగా కుట్టి, కాసేపటికి తెగడం మొదలైతే సూది వేడెక్కుతోంది. మందపాటి తోలులో వేగంగా తొక్కితే సూది వేడికి పాలిస్టర్ దారం బెజ్జం దగ్గరే మెత్తబడుతుంది. బెజ్జంలో అంటుకున్న మసిలాంటి జిగురు దానికి సాక్ష్యం. వేగం తగ్గించండి, సూది మార్చండి.

మిషన్ కుట్లు దాటేస్తోంది

సూది నంబరు సరిపోయినా రకం సరిపోలేదు. డీబీ×1, డీపీ×5, డీపీ×17 అనే రకాల సూదుల మీద ఒకే నంబరు ఉన్నా పొడవులోనో, మిషన్‌లో బిగించే పై భాగం మందంలోనో తేడా ఉంటుంది. పొడవు తేడా వస్తే బాబిన్ దగ్గర తిరిగే హుక్ దారపు ఉచ్చును అందుకోలేదు. మిషన్ మీద ఏ రకం రాసి ఉందో అదే కొనండి.

మొన విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తోలుకు కోతమొన సూది, అంటే లెదర్ పాయింట్. క్యాన్వాస్‌కు, పట్టీకి గుండ్రటి మొన. కోతమొన సూదితో క్యాన్వాస్ కుడితే అది పోగులను తోసుకుంటూ పోదు, తెంపుకుంటూ పోతుంది. తోలు అరచేయి, క్యాన్వాస్ మణికట్టు ఉన్న గ్లవ్స్‌లో పట్టీ దగ్గరే ఎందుకు ఊడిపోతోందో ఇక తెలిసి ఉంటుంది.

కుట్టు గీత వెంబడే తోలు చిరుగుతోంది

కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనే భ్రమ. తోలు మీద ప్రతి కుట్టూ ఒక చిల్లు. అంగుళానికి పన్నెండు వేస్తే తపాలా బిళ్లల అంచులా ఆ గీత వెంటే చిరిగి వస్తుంది. గ్లవ్స్ తోలుకు అంగుళానికి ఆరు, ఏడు చాలు. మరమ్మతులో అయితే కొత్త చిల్లులు పొడవనే వద్దు, పాత చిల్లుల్లోంచే చేత్తో కుట్టండి. మొండి మొన ఉన్న రెండు సూదులు తీసుకోండి, ఒకే దారం చెరో కొసకు ఒకటి. మొన మొండిగా ఎందుకంటే అది పాత చిల్లు వెతుక్కుంటుంది, కొత్తది చేయదు. బిగుసుకుపోయిన చిల్లును చెప్పులు కుట్టేవాళ్ల ఆరెతో కాస్త తెరవండి. దబ్బనం తోలుకు పనికిరాదు, అది గోనెలకు.

కుట్టి ఇచ్చాక, వాడకంలో విడిపోతోంది; తోలు మాత్రం చెక్కుచెదరలేదు

అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది ఇదే.

మంచి అరామిడ్ దారం, అదే జనం కెవ్లార్ దారం అని పిలిచే పసుపు దారం, కొని వెల్డింగ్ గ్లవ్స్ కుట్టించారు. పైన చూస్తే కుట్టు పచ్చగా, గట్టిగా ఉంది. వారం తిరక్కుండా బొటనవేలి మొదట్లో నోరు తెరిచింది. ఆ పసుపు దారాన్ని పట్టి లాగితే తెగలేదు, వంకీ వంకీగా కుట్టు ముద్రలతో సహా పొడవునా బయటికి వచ్చేసింది. అంత గట్టి దారం ఎక్కడా తెగకుండా కుట్టు ఎలా ఊడింది? గ్లవ్‌ను తిరగేసి, చిల్లుల దగ్గర గోటితో గీరండి. నల్లటి గట్టి పూసలు రాలతాయి. అవి బాబిన్ దారం మిగిల్చిన ఆనవాళ్లు.

మిషన్ కుట్టులో రెండు దారాలు ఉంటాయని అందరికీ తెలుసు. కొనేటప్పుడు మాత్రం పైదారం ఒక్కటే గుర్తుంటుంది. కింద బాబిన్‌లో నిన్నటి సీటు కవరు కుట్టిన పాలిస్టరే ఉంటుంది. పాలిస్టర్ 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, అంతకుముందే మెత్తబడి బలం కోల్పోతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 మధ్య. అరామిడ్ అసలు కరగదు, 400 ప్రాంతంలో మాడడం మొదలవుతుంది. వేడి ఇనుప ముక్కను పట్టుకున్నప్పుడో, నిప్పురవ్వ అతుకులో ఇరుక్కున్నప్పుడో పైదారానికి ఏమీ కాదు, కిందిది కరిగి తెగుతుంది. కిందిది పోయాక పైది దేన్ని పట్టుకుని నిలుస్తుంది?

ఇది కంటపడకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. గ్లవ్స్‌ను లోపలి వైపు బయటపెట్టి కుట్టి, తర్వాత తిరగేస్తారు కాబట్టి అతుకు లోపలికి పోతుంది. అరామిడ్ ఖరీదు ఎక్కువ, "కింద కనిపించదు కదా" అని పొదుపు చేస్తారు. పైగా అది కత్తెరకు ఓ పట్టాన లొంగదు, కత్తెర పదును తినేస్తుంది, అందుకని జతల లెక్కన కూలి తీసుకునేవాళ్లకు దానితో బాబిన్ చుట్టడమంటే విసుగు. ముందే చుట్టి అమ్మే బాబిన్లలో ఏ దారం ఉందో అడిగేవాడు లేడు.

రంగు చూసి నమ్మకండి. పాలిస్టర్‌కు పసుపు రంగు వేయడం ఎంతసేపు? అరామిడ్‌లోనే నోమెక్స్ రకం తెల్లగా ఉంటుంది. నమ్మాల్సింది అగ్గిపుల్లనే. కోను నుంచి జానెడు దారం, బాబిన్ నుంచి జానెడు దారం విడివిడిగా తీయండి. పట్టకారుతో పట్టుకుని వెలిగించండి, వేళ్లతో వద్దు, కరిగిన చుక్క చర్మానికి అంటుకుంటే పొక్కే. పాలిస్టర్ మంటకు ముడుచుకుపోతుంది, నల్లపొగ వదులుతూ చుక్కలు రాలుస్తుంది, చల్లారాక గట్టి పూస మిగులుతుంది. నైలాన్ కూడా దాదాపు అంతే. నూలు కాగితం కాలిన వాసనతో మండి, మెత్తటి బూడిద అవుతుంది. అరామిడ్ నల్లబడుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, ఒక్క చుక్క కూడా రాలదు.

కాగితం వాసన వచ్చిందని నూలుగా లెక్కేసి వదిలేయకండి. లోపల పాలిస్టర్, పైన నూలు చుట్టిన దారాలు ఉన్నాయి. చల్లారిన బూడిదను నలిపితే లోపల గరుకుగా పూస తగులుతుంది.

సరిచేయడం ఎలా అంటే, విడిపోయిన చోట మాత్రమే నాలుగు కుట్లు వేసి ఇవ్వకండి. మిగతా అతుకులోనూ అదే పాలిస్టర్ ఉంది, రేపు అది ఊడుతుంది. అతుకు మొత్తం విప్పి, రెండు వైపులా అరామిడ్‌తో పాత చిల్లుల్లోంచి కుట్టండి. మిషన్ మీదే కుడితే బాబిన్‌లోనూ అదే దారం, అదే మందం ఉండాలి. దారం మారింది కాబట్టి బాబిన్ కేసు మర కూడా సరిచేయాలి: కేసును దారంతో వేలాడదీసి చేయి కాస్త జాడిస్తే కొంచెం జారి ఆగాలి. దానంతట అది కిందికి దిగిపోతే వదులు, కదలకపోతే బిగువు.

ఇంకొక అలవాటు మానాలి. పాలిస్టర్ కుట్టాక లైటర్‌తో కొస కాల్చి అతికిస్తాం కదా, అరామిడ్‌కు అది పనికిరాదు, కరగనిది అతుక్కోదు. పైగా దారం నునుపు, ముడి జారుతుంది. చివర్లో మూడు నాలుగు చిల్లులు వెనక్కి కుట్టి, తర్వాత కత్తిరించండి.

అరామిడ్ మంచిదన్నారు కదా అని ఎండలో పడి ఉండే లారీ పట్టాకూ అదే వేయకండి. ఎండకు అది తొందరగా బలహీనపడుతుంది. ఆ పనికి పాలిస్టరే నయం. కోనును కూడా కిటికీ పక్కన పెట్టకండి.

అరుదైనవి

హుక్ మీద గీత పడి దారాన్ని కోయడం, సూది పలక చిల్లు అంచు లేవడం: గీసుకున్న చోటును సన్నటి ఎమరీ కాగితంతో రుద్దితే పోతుంది. నూలు దారం వానాకాలంలో తడిసి మూలన పడి ఉంటే కుళ్లుతుంది, పారేయండి. యాసిడ్ పనిచేసే చోట నూలు, నైలాన్ రెండూ నిలవవు, పాలిస్టర్ కొంత మేలు. పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో వాడే రబ్బరు, పీవీసీ ఏప్రాన్లు చిరిగితే కుట్టే ఆలోచనే వద్దు, ప్రతి సూది చిల్లూ యాసిడ్‌కు దారి. మార్చాల్సిందే.

కుట్టకూడనివి

ఎత్తు మీద పనిచేసేవాళ్ల సేఫ్టీ బెల్టు, హార్నెస్ పట్టీ కుట్టు ఊడిందని తెస్తారు. "గురువుగారూ, రెండు కుట్లే కదా" అంటారు. వేయను. వాటికి ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ఉంది, నమూనాలను బరువు వేసి పరీక్షించాకే బయటికి వస్తాయి. మన కుట్టును ఎవరు పరీక్షిస్తారు? ఆ పట్టీని అక్కడికక్కడే రెండుగా కత్తిరించి పారేయమని చెప్పండి, లేకపోతే ఇంకో దర్జీ దగ్గరికి వెళ్తుంది. అగ్నిమాపక సిబ్బంది కోట్లకూ ఇదే మాట, వాటి పొరల్లో ఏముందో తెలియకుండా సూది దించకండి.