నేషనల్ ల్యాండ్‌స్కేప్ పార్ట్‌నర్‌షిప్‌లో సీటొచ్చిందా? పని ఎక్కడ మొదలుపెట్టాలంటే

ఇంగ్లాండ్‌లోనో వేల్స్‌లోనో పల్లెల వైపు ఇల్లు కొనుక్కుని, పారిష్ కౌన్సిల్లో (మన గ్రామ పంచాయతీ లాంటిది) చేరి, ఓ రోజు "మన తరఫున నేషనల్ ల్యాండ్‌స్కేప్ కమిటీకి మీరెళ్తారా" అంటే సరే అనేసిన మనవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. మొదటి మీటింగ్‌లో నాకు ఏమీ అర్థం కాలేదు. కౌన్సిలర్లు, రైతులు, పక్షుల సంఘం వాళ్ళు, నీళ్ళ కంపెనీ ఆయన, అందరూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు కానీ భూమి ఎవరిది, డబ్బు ఎవరిది, చివరికి చెల్లే మాట ఎవరిది అన్నది ఎవరూ చెప్పలేదు. ఈ మూడూ తెలుసుకుని వెళ్తే మీకు కనీసం ఏడాది కలిసొస్తుంది.

ముందు పేరు సంగతి. 1949 చట్టంతో వచ్చిన ఏరియా ఆఫ్ అవుట్‌స్టాండింగ్ నేచురల్ బ్యూటీ, అంటే ప్రకృతి అందం కోసం చట్టం కాపాడే ప్రాంతం, అదే ఏఓఎన్‌బీ అనేవాళ్ళు, దానికే 2023 నవంబర్ 22 నుంచి నేషనల్ ల్యాండ్‌స్కేప్ అని వాడుక పేరు పెట్టారు, చట్టంలో మాత్రం పాత పేరే ఉంది. మొదటిది 1956లో వేల్స్‌లోని గవర్. ఇప్పుడు ఇంగ్లాండ్, వేల్స్ కలిపి 38 ఉన్నాయి, కాట్స్‌వోల్డ్స్ రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటితే ఐల్స్ ఆఫ్ సిల్లీ పదహారే. నేషనల్ పార్క్ వేరు, ఇది వేరు. పార్కుకి సొంత అథారిటీ ఉంటుంది, ఇల్లు కట్టడానికి పర్మిషన్ ఇచ్చేదీ ఆపేదీ అదే. మన దగ్గర ఆ పవర్ కౌన్సిళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఇక భూమి. చాలా భాగం రైతులది, పెద్ద ఎస్టేట్లది, కొంత నేషనల్ ట్రస్ట్ లాంటి సంస్థలది. పార్ట్‌నర్‌షిప్, అంటే వీళ్ళందరూ కూర్చునే ఆ కమిటీ, దాని చేతిలో మామూలుగా సెంటు భూమి కూడా ఉండదు. డబ్బు విషయానికొస్తే ఇంగ్లాండ్‌లో చాలాకాలం నడిచిన లెక్క ఏంటంటే ఆఫీసు, జీతాల లాంటి కోర్ ఖర్చుల్లో 75 శాతం దాకా డెఫ్రా, అంటే ప్రభుత్వ పర్యావరణ శాఖ, ఇస్తుంది, మిగతా 25 లోకల్ కౌన్సిళ్ళు పంచుకుంటాయి. స్టాఫ్ యూనిట్ చిన్నది, వాళ్ళని ఉద్యోగంలో పెట్టుకునేది ఏదో ఒక కౌన్సిల్, దాన్నే హోస్ట్ అథారిటీ అంటారు. కాట్స్‌వోల్డ్స్, చిల్టర్న్స్‌లో మాత్రం 2004 నుంచి కన్జర్వేషన్ బోర్డులు ఉన్నాయి, అవి చట్టప్రకారం సొంతంగా నిలబడే సంస్థలు, సొంత స్టాఫ్ ఉంటారు, మెంబర్లని కౌన్సిళ్ళు, పారిష్‌లు, ప్రభుత్వం కలిసి పంపిస్తాయి. మీరు వెళ్ళేది బోర్డుకా, జాయింట్ అడ్వైజరీ కమిటీకా, మామూలు పార్ట్‌నర్‌షిప్‌కా అన్నది మొదటిరోజే అడగండి, ఎందుకంటే ఒకచోట ఓటుకి చట్టబద్ధమైన బరువు ఉంటుంది, ఇంకోచోట మీరు చెప్పేది సలహా వరకే.

చేరగానే రెండు కాగితాలు అడిగి తీసుకోండి. ఒకటి మెమొరాండమ్ ఆఫ్ అగ్రిమెంట్, ఏ కౌన్సిల్ ఎంత ఇస్తుంది, ఎవరైనా తప్పుకోవాలంటే ఎంత ముందు నోటీసివ్వాలి లాంటివన్నీ అందులో ఉంటాయి. రెండోది టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, ఎవరికి సీటుంది, ఎవరికి ఓటుంది, ఛైర్‌పర్సన్‌ని ఎన్నేళ్ళకి మారుస్తారు అన్నది. సీట్ల లిస్టు జాగ్రత్తగా చదవండి. రైతుల తరఫున ఒక్కరే ఉండి కౌన్సిళ్ళ నుంచి పదిమంది ఉంటే ఆ కమిటీ చేసే తీర్మానాలు పొలం గేటు దాకా వెళ్ళవు, రైతు సీట్లు పెంచమని మీరే అజెండాలో పెట్టించండి.

అసలు పని మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో ఉంది, ఆ ఏరియాని ఎలా చూసుకోవాలో రాసిపెట్టే కాగితం అది. 2000లో వచ్చిన కంట్రీసైడ్ అండ్ రైట్స్ ఆఫ్ వే చట్టం ప్రకారం, కన్జర్వేషన్ బోర్డు లేనిచోట, ఆ ఏరియాలో ఉన్న లోకల్ అథారిటీలన్నీ కలిసి ఒకటే ప్లాన్ రాసి, ఆమోదించి, అయిదేళ్ళు దాటకుండా మళ్ళీ చూసుకోవాలి. వాళ్ళ తరఫున కలం పట్టేది స్టాఫ్ యూనిట్, మాట్లాడి మాట్లాడి ఒక దారికి తెచ్చేది పార్ట్‌నర్‌షిప్. డ్రాఫ్ట్ ఇంగ్లాండ్‌లో అయితే నేచురల్ ఇంగ్లాండ్‌కి, వేల్స్‌లో అయితే నేచురల్ రిసోర్సెస్ వేల్స్‌కి (రెండూ ప్రకృతి సంగతులు చూసే ప్రభుత్వ సంస్థలు) పంపి వాళ్ళేమన్నారో పట్టించుకోవాలి, జనం అభిప్రాయం తీసుకోవాలి, ఆ తర్వాత ఒక్కో కౌన్సిల్లో విడివిడిగా పాస్ కావాలి. నాలుగు కౌన్సిళ్ళుంటే నాలుగు మీటింగ్ క్యాలెండర్లు, మధ్యలో ఎన్నికలొస్తే ఇంకో మూడు నెలలు, కాబట్టి గడువుకి ఏడాదిన్నర ముందే మొదలుపెట్టమని పోరండి.

ప్లాన్ డ్రాఫ్ట్ చేతికొచ్చాక నేను చేసేది ఒక్కటే, ప్రతి పని పక్కనా ఎవరు చేస్తారో పేరుందా అని చూస్తా. "పార్ట్‌నర్లు కలిసి నదిని కాపాడాలి" అని రాస్తే ఎవరూ చెయ్యరు. అదే ఫలానా వాగులోకి మురుగు ఎక్కడెక్కడ కలుస్తోందో నీళ్ళ కంపెనీ సర్వే చేసి వచ్చే మార్చిలోగా కమిటీ ముందు పెట్టాలి అని రాయిస్తే ఏప్రిల్ మీటింగ్‌లో ఏమైందని అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. ఒక్కో పనికి ఒక్క లీడ్ పార్ట్‌నర్, ఒక గడువు, డబ్బు ఎక్కణ్ణుంచో ఒక ముక్క. ఈ మూడూ దొరకని పనిని ప్లాన్‌లోంచి తీసేయమనండి. అందంగా ఉందని ఉంచేస్తే మిగతా పనుల విలువ కూడా పోతుంది, నాకు ఈ విషయంలో మొహమాటం లేదు.

కంపెనీల్నీ ప్రభుత్వ ఆఫీసుల్నీ ఇలా అడిగే హక్కు ఎక్కడిదంటే, 2000 చట్టంలోని సెక్షన్ 85. మంత్రుల దగ్గర్నుంచి కౌన్సిళ్ళు, నీళ్ళ కంపెనీలు, కరెంటు కంపెనీల దాకా ఆ ఏరియాని తాకే పని ఏది చేసినా ఆ అందాన్ని కాపాడటం, పెంచడం అన్న లక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి అని ఉండేది. లెక్కలోకి తీసుకున్నాం అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. 2023 చివర్లో ఇంగ్లాండ్ వరకు దాన్ని మార్చి, ఆ లక్ష్యాన్ని ముందుకు తీసుకెళ్ళే ప్రయత్నం చెయ్యాల్సిందే అన్నారు. కాబట్టి ఇంగ్లాండ్‌లో ఉంటే ఏ సంస్థకి ఉత్తరం రాసినా "మా ప్లాన్‌లో ఫలానా లక్ష్యం కోసం మీరు ఏం చేశారు" అనే అడగండి. వై వ్యాలీ లాంటి చోట్ల, అది రెండు దేశాల సరిహద్దు మీద ఉంది కదా, ఇటు పక్క మాట వేరు అటు పక్క మాట వేరు, ఏ గట్టున ఉన్న పని గురించి రాస్తున్నారో చూసుకుని రాయండి.

ప్లానింగ్ అప్లికేషన్ల మీద ఎక్కువ టైమ్ పోతుంది, కొంచెం జాగ్రత్త. పార్ట్‌నర్‌షిప్ దేన్నీ ఆపలేదు, అభిప్రాయం చెప్పగలదు అంతే. జాతీయ ప్లానింగ్ పాలసీలో ఈ ఏరియాల అందానికి చాలా బరువు ఇవ్వాలని, పెద్ద డెవలప్‌మెంట్లని అసాధారణ కారణాలుంటే తప్ప ఒప్పుకోకూడదని ఉంది, ఉత్తరంలో దాన్ని పట్టుకోండి. ప్రతి కిటికీకీ ప్రతి షెడ్డుకీ అభ్యంతరం రాస్తూ పోతే నిజంగా పెద్దదొచ్చినప్పుడు మీ మాట ఎవరూ వినరు. అంతకన్నా మంచిది, రూల్స్ ముందే రాయించుకోవడం. ఆర్న్‌సైడ్ అండ్ సిల్వర్‌డేల్‌లో లాంకాస్టర్, అప్పటి సౌత్ లేక్‌ల్యాండ్ కౌన్సిళ్ళు రెండూ కలిసి ఆ ల్యాండ్‌స్కేప్ మొత్తానికి ఒకే డెవలప్‌మెంట్ ప్లాన్ డాక్యుమెంట్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్ కాగితం, తయారుచేసి 2019లో ఆమోదించాయి. మీ ఏరియాలో రెండు మూడు కౌన్సిళ్ళుండి తలా ఒక రూలు పెడుతుంటే ఇది చూపించి అడగండి.

కలిసి చేస్తే ఏమవుతుందో చెప్పాలంటే నాకు క్రాన్‌బోర్న్ చేజ్ గుర్తొస్తుంది, రాత్రి ఆకాశం చీకటిగా ఉన్నందుకు 2019లో ఇంటర్నేషనల్ డార్క్ స్కై రిజర్వ్ అయింది. ఆలోచించండి, అది నాలుగు కౌంటీల్లో పరుచుకుని ఉంది, అలాంటి చోట చీకటి నిలబెట్టాలంటే వీధిలైట్లు ఒకరివి, పశువుల కొట్టం మీద ఫ్లడ్‌లైట్ ఇంకొకరిది, ఇంటి గుమ్మం ముందు బల్బు మరొకరిది, చట్టం పెట్టి ఇవన్నీ తిప్పించడం ఎవరి వల్లా కాదు, ఒక్కొక్కర్నీ అడిగి, లైటు కిందకి ఎలా దించాలో చూపించి, ఒప్పించాల్సిందే.

రైతుల దగ్గరా ఇదే దారి. ఇంగ్లాండ్‌లో 2021లో మొదలైన ఫార్మింగ్ ఇన్ ప్రొటెక్టెడ్ ల్యాండ్‌స్కేప్స్ స్కీమ్‌లో గ్రాంటు నిర్ణయాలు లోకల్ ప్యానెల్ తీసుకుంది, అందులో రైతులూ కూర్చున్నారు. పడిపోయిన రాతిగోడ మళ్ళీ పేర్చడం, పొలం చుట్టూ చెట్ల కంచె నాటడం, కాలిబాట గేటు మార్చడం లాంటి పనులకి అప్లికేషన్ పెట్టేముందు ఆఫీసర్ స్వయంగా పొలానికొచ్చి మాట్లాడటం రైతులకి నచ్చింది. మీ కమిటీ ఏ కొత్త స్కీమ్ పెట్టినా ఫారం తయారుచేసేముందు ముగ్గురు రైతులకి చూపించి, ఎక్కడ విసుగొచ్చిందో అడగండి.

మీటింగుల్లో సగమన్నా హాల్లోంచి బయటికి మార్చమనండి. ఎవరి పొలానికైనా అందరూ కలిసి వెళ్ళి, గోడ దగ్గర నిలబడి మాట్లాడుకుంటే బల్ల దగ్గర ఆరు నెలలు తేలని విషయం తేలిపోతుంది. రైతుని ముందు అడగండి, కుక్కల్ని తేవద్దని అందరికీ చెప్పండి, మార్చి ఏప్రిల్‌లో చాలాచోట్ల గొర్రెలు ఈనే కాలం కాబట్టి ఆ రెండు నెలలు మాత్రం వదిలేసి తేదీ పెట్టండి.