మెట్లున్న ఇంటికి ప్రామ్: ఎక్కడ ఇబ్బంది, ఎందుకొస్తుంది, ఏం చేయాలి

విజయనగరంలో లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటూ ప్రామ్ (పిల్లను కూర్చోబెట్టి తోసే బండి) కొన్నవాళ్లలో చాలామందికి అది కొన్నాళ్లకే బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండైపోతుంది. బండి బాగానే ఉంటుంది. కొట్లో విప్పి ఉన్న బండిని చూసి కొంటాం, ఇంటి దగ్గర మడిచిన బండిని మోస్తాం. గొడవంతా అక్కడే. ఇంకా కొననివాళ్లకూ ఇప్పటికే కొనేసి తిట్టుకుంటున్నవాళ్లకూ కలిపి రాస్తున్నాను.

మేడ ఎక్కేసరికి చెయ్యి పడిపోతోంది

"చాలా తేలిగ్గా ఉంటాదమ్మా" అంటాడు కొట్టాయన. ఎత్తి చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జానెడు ఎత్తి దించేస్తాం. మెట్ల మీద అదే బరువు మూడో అంతస్తు దాకా ఒక్క చేతికి వేలాడాలి, రెండో చంకలో పిల్ల ఉంటుంది.

మామూలు ప్రామ్‌లు 8 నుంచి 10 కిలోలు ఉంటాయి, తేలికవని అమ్మేవి 5 నుంచి 7. పెట్టె మీద అంకెను గుడ్డిగా నమ్మొద్దు, టాపు, పిల్ల ముందు అడ్డంగా ఉండే బంపర్ బార్ తీసేసి తూచిన అంకె వేసేవాళ్లూ ఉన్నారు. సూట్‌కేసులు తూచుకునే కొక్కెం తూకం ఉంటే కొట్టుకే పట్టుకెళ్లి అన్నీ తగిలించి ఉండగా తూచండి. ఇంకో సంగతి. ఏడాది నిండేసరికి పిల్ల 9 కిలోల దగ్గరికొస్తుంది. ఆరో నెలలో మోయగలిగాం కదా అన్న లెక్క అప్పుడు పనికిరాదు. లిఫ్ట్ లేకుండా రెండో అంతస్తు, ఆ పైన ఉండేవాళ్లు 7 కిలోలు దాటినది ఎంత అందంగా ఉన్నా చూడొద్దనే అంటాను.

బరువు తక్కువే అయినా మోయలేకపోతున్నారంటే పట్టు లేకపోవడం కారణం. మడిచాక ఎక్కడ పట్టుకోవాలో తెలియని బండి 6 కిలోలదైనా మోకాళ్లకు తగులుతూ, చక్రాల మట్టి చీరకు పూస్తూ వస్తుంది. భుజానికి తగిలించుకునే పట్టీ ఉన్నది తీసుకోండి. లేకపోతే పాత బ్యాగు పట్టీ ఒకటి ఫ్రేముకు రెండు చోట్ల గట్టిగా బిగించుకోవచ్చు. బండి గోడవైపు భుజానికి, రెయిలింగ్ వైపు చెయ్యి ఖాళీగా. పిల్లను బేబీ క్యారియర్‌లో గుండెకు కట్టుకుంటే తప్ప ఒక్క మనిషికి ఇది కుదరదు. క్యారియర్ లేకపోతే ముందు పిల్లను పైకి చేర్చి ఇంట్లో వాళ్లకు అప్పగించి, బండి కోసం మళ్లీ దిగండి. పిల్లను కింద ప్రామ్‌లో ఒంటరిగా వదిలి సామాన్లు పైన పెట్టి రావడం మాత్రం వద్దు.

పిల్లతో సహా చెరోవైపు పట్టి ఎక్కిస్తున్నాం, పర్వాలేదా?

ఆపేయండి. వెనకాయన హ్యాండిల్ పడతాడు, ముందామె చేతికి అందింది పడుతుంది. ఆ అందేది దాదాపు ప్రతిసారీ బంపర్ బారే. అది పిల్ల చేతులు ఆన్చుకోవడానికి పెట్టింది, రెండు పక్కలా బొత్తాలు నొక్కితే ఊడొచ్చేది. ఇలా బరువు మోసిన బార్‌కు ఆ బొత్తం దగ్గర ప్లాస్టిక్ మీద తెల్లగా గీత పడుతుంది. పట్టుకుని చూడండి, మీ బండికి ఉందేమో. ఉంటే ఆ బార్ మార్చేయాలి. పిల్ల మనిషి చేతుల్లో, బండి మడతలో, మెట్ల మీద ఇదొక్కటే పద్ధతి.

మడత పడట్లేదు

సగం సార్లు బండిలో లోపమేం ఉండదు. కింద బుట్టలో నీళ్ల సీసా ఉండిపోతుంది, వాల్చిన సీటు నిటారుగా లేపరు, ముందు చక్రాలు అడ్డం తిరిగి ఉంటాయి. ఈ మూడూ చూశాక కూడా పడకపోతే బలం పెట్టకండి, గొళ్లెం దగ్గర బిస్కెట్ ముక్కలు, ఇసుక ఇరుక్కున్నాయేమో పాత టూత్‌బ్రష్‌తో దులపండి. మడిచేటప్పుడు పిల్ల చేతికందే దూరంలో ఉండకూడదు, ఆ కీళ్ల మధ్య చిన్న వేళ్లు నలుగుతాయి.

కొనబోయేవాళ్లకు పరీక్ష ఒకటుంది. ఎడమ చంకలో బిడ్డను ఎత్తుకుని, కుడిచేత్తో మాత్రమే మడిచి, లేపి, మళ్లీ విప్పండి. కొట్టాయన చేసి చూపించింది లెక్కలోకి రాదు, ఆయన రోజూ చేసేవాడు. గొడుగులా పొడుగ్గా ముడుచుకునే పాత రకాలకు వెనక మీటను కాలితో లేపి, రెండు చేతులతో ముందుకు తొయ్యాలి. బరువు తక్కువ, ధర తక్కువ, కానీ పక్కన ఇంకో మనిషి లేకపోతే కష్టం. మడిచాక లాక్ దానంతటదే పడాలి, అటూఇటూ ఊపినా విడకూడదు. మెట్ల మధ్యలో విచ్చుకునే బండి మనిషిని పడేస్తుంది.

ఇంట్లో పెట్టే చోటు లేదు

మెట్ల మలుపులో పెడితే పక్కింటివాళ్ల చెప్పుల స్టాండుతో తగువు, పైగా అది అందరూ దిగే దారి. కింద పార్కింగ్‌లో పెడితే దుమ్ము, ఎలుకలు. మోసే బాధ తప్పుతుందని కిందే పెట్టేవాళ్లు కనీసం మూత సంచిలో పెట్టి గొలుసు వెయ్యాలి, ఎక్కించే ముందు సీటు దులపాలి. పైకి తెచ్చేవాళ్లు కొనకముందే తలుపు వెనక సందు, మంచం కింద ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. తనంతట తాను నిలబడే బండికి తలుపు వెనక చోటు చాలు.

రోడ్డు మీద ముందు చక్రాలు గడగడమంటున్నాయి, గుంతలో ఆగిపోతున్నాయి

బరువు తగ్గించాలంటే చక్రం చిన్నది చెయ్యాలి. తేలిక బండ్లకు 5, 6 అంగుళాల చక్రాలే ఉంటాయి, అవి మన కాలువ పలకల సందుల్లో ఇట్టే దిగిపోతాయి. కంకర రోడ్డు మీద ముందు చక్రాలు తిరగకుండా లాక్ వెయ్యండి. గుంతగానీ స్పీడ్ బ్రేకర్‌గానీ వస్తే హ్యాండిల్ కొంచెం కిందికి నొక్కి ముందు భాగం లేపి, వెనక చక్రాల మీద దాటించండి. ఊగుడు ఆగకపోతే చక్రం పిన్ను వదులైనట్టే, సైకిల్ షాపులో చూపించవచ్చు.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం చేదు. రోజూ మీరు తిరిగేది గంటస్తంభం చుట్టుపక్కల బజారే అయితే తేలిక ప్రామ్ కొనడం దండగ. పేవ్‌మెంట్ మీద కొట్లు, రోడ్డు మీద ఆటోలు, మధ్యలో పిల్ల ముఖం సరిగ్గా పొగగొట్టాల ఎత్తులో. "చంకనెత్తుకుంటే సరిపోద్ది కదే" అనే మామ్మ మాట అక్కడ నూటికి నూరుపాళ్లు నిజం, క్యారియర్ ఉంటే మరీ. ప్రామ్ పనికొచ్చేది ఆసుపత్రి వరండాల్లో, రైల్వే ప్లాట్‌ఫాం మీద, ఫంక్షన్ హాల్లో, పార్కులో. సిరిమాను ఉత్సవం నాడు జనంలో పైడితల్లి గుడి వైపు ప్రామ్ తోసుకెళ్లాలనుకునేవాళ్లకు పరిష్కారం ఒకటే, అది ఇంట్లో ఉంచి రావడం.

పాప మెడ వాలిపోతోంది

చాలా తేలిక రకాల సీటు పూర్తిగా వాలదు, మెడ నిలవని పిల్లకు అవి పనికిరావు. పక్కన దిండ్లు కుక్కడం పరిష్కారం అవదు. పూర్తిగా పడుకోబెట్టే సీటున్నది కొనాలి, లేదా సొంతంగా కూర్చునే దాకా, అంటే ఇంచుమించు ఆరు నెలలు, ఆగాలి. బెల్టు భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి ఉండాలి. ఈఎన్ 1888 అని ఉంటే అది యూరప్ భద్రతా ప్రమాణం. దాని మొదటి భాగం 15 కిలోల దాకా పిల్లలకు వర్తిస్తుంది.

పిల్లను దించగానే బండి వెనక్కి తిరగబడుతోంది

హ్యాండిల్‌కు కూరల సంచి వేలాడుతూ ఉంటుంది. తేలిక బండికి ఎదురు బరువు పిల్లే. ఆమెను తీసెయ్యగానే సంచి గెలుస్తుంది. సంచి కింద బుట్టలోకి, లేదా మీ భుజానికి.

లిఫ్ట్ ఉంది కదా, పెద్దది కొనొచ్చా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ కరెంటు రోజుల తరబడి లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ అంతే. తుపాను దాకా ఎందుకు, జనరేటర్‌కు డీజిల్ పోయించే మనిషి ఊళ్లో లేకపోయినా మెట్లే గతి. లిఫ్ట్ ఉన్నా మోయగలిగిందే కొనండి. లిఫ్ట్ తలుపు వెడల్పు కూడా కొలవండి, కవలల ప్రామ్ అయితే మరీ.

చక్రం కీచుమంటోంది

కొబ్బరినూనె పొయ్యకండి, దుమ్ము పట్టి వారానికి ముద్దవుతుంది. చక్రం ఊడదీస్తే ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కనిపిస్తాయి, బ్లేడుతో కోసి లాగెయ్యండి. చింతపల్లి బీచ్‌కో కళింగపట్నానికో తీసుకెళ్లొస్తే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, సిలికాన్ స్ప్రే ఒక్క చుక్క వెయ్యండి. ఉప్పు ఇసుక పొద్దున్న దాకా ఆగితే స్ప్రింగులకు తుప్పు మొదలవుతుంది.