వాసనతో కుళ్లును పసిగట్టడం – 3వ పాఠం: మూడు డబ్బాల బత్తాయి

పోయిన పాఠంలో మంచి కాయ వాసన ముక్కుకు అలవాటు చేసుకున్నాం. ఇక జబ్బు కాయ సంగతి.

నల్గొండలో బత్తాయి అన్నా, అనంతపురంలో చీనీ అన్నా, కోసిన కాయకు పెద్ద శత్రువు ఆకుపచ్చ బూజు. దాని పేరు పెనిసిలియం డిజిటేటమ్. కోతలోనో, క్రేట్లలో పోసేటప్పుడో తొక్కకు పడ్డ గాట్లలోంచి లోపలికి దిగుతుంది. 25 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజుల్లో నీరుపట్టిన మెత్తటి మచ్చ, తర్వాత తెల్ల బూజు, దానిమీద ఆకుపచ్చ పొడి. పొడి కనబడ్డాక ముక్కుతో పనేముంది, కళ్లే చాలు.

చాలామంది మోసపోయేది ఇక్కడే: ఈ కుళ్లు మొదట్లో కంపు కొట్టదు. తొక్కలోని నూనె తిత్తులు చితికి, ఒలిచిన తొక్క వాసననిచ్చే లిమోనీన్ బయటికొస్తుంది కాబట్టి కమ్మగానే ఉంటుంది. ఎవరూ ఒలవని క్రేటు ఒలిచినంత ఘుమఘుమలాడుతుంటే అనుమానించాల్సిందే. ముదిరాక ఆల్కహాల్‌తో పాటు, నెయిల్ పాలిష్ రిమూవర్‌లా ఘాటుగా ఉండే ఇథైల్ అసిటేట్ కూడా తోడవుతుంది. పుల్లటి వాసనకు చిన్న ఈగలు మూగాయంటే అది వేరే జబ్బు, జియోట్రైకమ్ అనే శిలీంధ్రం తెచ్చే పుల్ల కుళ్లు.

ఇప్పుడు అభ్యాసం. మూడు స్టీలు డబ్బాలు కడిగి ఆరబెట్టండి. ప్లాస్టిక్ వద్దు, పాత వాసనలు వదలదు. ఒకే లాట్‌లోని మూడు కాయలు తీసుకోండి. మొదటిదాన్ని ముట్టుకోకండి. రెండోదానికి శుభ్రమైన సూదితో గాటు పెట్టండి. మూడోదానికీ గాటు పెట్టి, బూజు కాయ పొడిని సూదిమొనతో అంటించి, వేరే గదిలో ఉంచండి. రెండో కాయ ఎందుకంటారా? ఉత్త గాటు వాసనకూ జబ్బు వాసనకూ తేడా తెలియాలంటే అదే ఆధారం.

మూతలు రోజంతా బిగించొద్దు. గాలాడకపోతే మంచి కాయకూ ఆల్కహాల్ వాసన వస్తుంది, పరీక్షంతా పాడు. వాసన చూడబోయే గంట ముందు మాత్రమే మూత పెట్టండి. ఇంట్లో ఎవరినైనా డబ్బాల వరస మార్చమని, కళ్లు మూసుకుని, చేత్తో గాలి ముక్కువైపు విసురుకుంటూ చూడండి. డబ్బాలో ముక్కు పెట్టకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మూడో కాయ జోలికే పోవద్దు.

మొదటి రోజు రెండూ మూడూ ఒకేలా ఉంటాయి. క్రమంగా గాటు వాసన తగ్గిపోతుంది, జబ్బుది పెరుగుతుంది. ఆ రెండు వాసనలూ విడిపోయిన రోజునూ, మచ్చ కనబడిన రోజునూ పక్కపక్కన రాసిపెట్టుకోండి. ఆకుపచ్చ పొడి రాగానే కాయను కవర్లో కట్టి పారేయండి.

వచ్చే పాఠం తొడిమ దగ్గర మొదలయ్యే కుళ్లు గురించి.